వడగళ్ళలో పోయిన రివాల్వర్

హార్లన్ ప్రూయిట్ దుప్పటి కొస పట్టుకుని లాగాడు.

టేబుల్ మీద నల్ల వెల్వెట్ గుడ్డ ఉంది. గుడ్డ మీద పేరు రాసిన అట్ట ఉంది. రివాల్వర్ లేదు.

అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు.

హార్లన్ టేబుల్ కిందకి వంగి చూశాడు. డెబ్భై మూడేళ్ళ మోకాళ్ళు కటకటమన్నాయి. కుర్చీ జరిపి చూశాడు. ఆ తర్వాత లేచి నిలబడి, హాలంతా వినబడేలా అరిచాడు.

“తలుపులు ముయ్యండి! నా కోల్ట్ పోయింది!”

వ్యోమింగ్‌లో కాటన్ క్రీక్ చిన్న ఊరు. ఏటా జూన్‌లో అక్కడి సంత మైదానం హాల్లో పాత రివాల్వర్ల ప్రదర్శన జరుగుతుంది. గుర్రపు బళ్ళ కాలం నాటి తుపాకులు సేకరించే పిచ్చివాళ్ళంతా అక్కడ చేరతారు. పెళ్ళిరోజు మర్చిపోయి భార్యల చేత చీవాట్లు తింటారు కానీ, తుపాకి మీది సీరియల్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు.

వాళ్ళకో కట్టుబాటుంది. టేబుల్ వదిలి వెళ్ళాలంటే దాని మీద దుప్పటి కప్పి వెళ్తారు. దుప్పటి కప్పిన టేబుల్ జోలికి ఇంకెవరూ పోరు. తాళం కన్నా ఆ పాత దుప్పటి మీదే వాళ్ళకి నమ్మకం ఎక్కువ.

ఆ రోజు ఒంటిగంట నలభైకి వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల కప్పు దడదడలాడింది. ఒకరి మాట ఒకరికి వినబడలేదు. అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. బయట పికప్ ట్రక్కులున్నాయి! టేబుళ్ళ మీద దుప్పట్లు గబగబా కప్పేశారు. ట్రక్కుల మీద వెయ్యడానికి రగ్గులు పట్టుకుని తలుపు వైపు పరుగెత్తారు. ఆ ప్రాంతంలో సొట్టపడిన బానెట్‌తో తిరగడం కన్నా చిరిగిన ప్యాంటుతో తిరగడం నయం అనుకుంటారు.

వాన తగ్గాక తిరిగొచ్చి దుప్పట్లు తీశారు. ఒక్క రివాల్వరే పోయింది. అది హాలు మొత్తానికీ తలమానికమైన రివాల్వర్.

షెరీఫ్ ఆఫీసు నుంచి డిటెక్టివ్ మార్లా క్విస్ట్ రెండున్నరకి వచ్చింది. ఆమెకి యాభై దాటాయి. పశువుల కాపర్ల ఇంట పుట్టిన మనిషి. తొందరపడి మాట్లాడదు, తొందరపడి నమ్మదు. ఆమె వచ్చేసరికే కుర్ర డెప్యూటీ టాడ్ ఒకతనికి బేడీలు వేసి గోడవార కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఎవరతను?”

“డ్వేన్ స్టాబ్ అండీ. విడిభాగాలు అమ్ముకుంటాడు. ఒకప్పుడు దొంగతనం కేసులో రెండేళ్ళు జైల్లో ఉన్నాడు.”

“రివాల్వర్ అతని దగ్గర దొరికిందా?”

“లేదండీ.”

“తీస్తుండగా ఎవరైనా చూశారా?”

“లేదండీ. కానీ అందరూ బయటికి పరుగెత్తినప్పుడు ఇతనొక్కడే లోపలున్నాడు. హార్లన్ డాక్టర్ గారు కూడా ఇతని పేరే చెప్పారు.”

మార్లా హార్లన్ దగ్గరకి వెళ్ళింది. ఆయన పశువుల డాక్టరుగా రిటైరయ్యాడు. ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడకుండా పుట్టిన దూడ ఉండదు. ఇప్పుడా చేతులే ఖాళీ వెల్వెట్ గుడ్డని తడుముతున్నాయి.

“ఎలాంటి రివాల్వర్ డాక్టర్ గారూ?”

“నలభై అయిదు కోల్ట్. పొట్టి గొట్టం. 1878 నాటిది. డబ్బు రవాణా చేసే గుర్రపు బండికి కాపలా ఉన్నవాడిది. ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరుంది.”

“ఎక్కడ కొన్నారు?”

“మా లైల్ దగ్గర.”

ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. మార్లా అది గమనించింది.

“ఇవాళ దానికేదైనా ప్రత్యేకత ఉందా?”

“మూడింటికి డెన్వర్ నుంచి నిపుణుడొస్తున్నాడు. మా తుపాకుల క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండాయి కదా. మంచి తుపాకులన్నీ విప్పి చూసి బహుమతి ఇస్తాడు.”

“డ్వేన్ మీద అనుమానం ఎందుకు?”

“పొద్దున్న రెండుసార్లు వచ్చి దాన్నే చూసి వెళ్ళాడు.”

“ఈ హాల్లో దాన్ని రెండుసార్లు చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

మార్లా ఒక కుర్చీ లాక్కుని డ్వేన్ ఎదురుగా కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా. కొత్తగా గీసిన గడ్డం.

“ఒకసారి శిక్ష పడ్డవాడివి. తుపాకుల మధ్య నీకేం పని?”

“ఇవి వంద దాటిన ముసలి తుపాకులు మేడమ్. చట్టం వీటిని తుపాకుల కింద లెక్కెయ్యదు. అందుకే ఈ పనిలోకొచ్చా. దొంగతనంగా చెయ్యక్కర్లేని పని ఇదొక్కటే దొరికింది.”

“అందరూ బయటికి పరుగెత్తారు. నువ్వెందుకు వెళ్ళలేదు?”

“నాకు బండెక్కడిది? పొద్దున్న మా అక్క దింపి వెళ్ళింది.”

“మరి హాల్లో ఏం చేశావ్?”

“హాల్లో లేను. వెనక బాత్‌రూముల పక్క సందులో ఫోన్ మాట్లాడుతున్నా.”

“ఎవరితో?”

“మా పాపతో. వాళ్ళ ఊళ్ళో కూడా వడగళ్ళు పడుతున్నాయట. దానికి భయం.”

“పాప నీ దగ్గరుండదా?”

“వాళ్ళమ్మ దగ్గర. మూడేళ్ళుగా కోర్టువాళ్ళ ఆఫీసు గదిలో, పక్కన ఒక మనిషి కాపలా కూర్చుంటే చూసొస్తున్నా. ఇవాళే మొదటిసారి మా ఇంటికి తీసుకెళ్ళడానికి జడ్జిగారు ఒప్పుకున్నారు. అయిదింటికి వెళ్ళి తెచ్చుకోవాలి.” అతను బేడీల చేతులు ఎత్తి చూపించాడు. “వీటితో స్టేషనుకెళ్తే చాలు మేడమ్. కేసు పెట్టకపోయినా చాలు. వాళ్ళమ్మ లాయరు ఇంక జన్మలో నా గుమ్మం తొక్కనివ్వడు పాపని.”

గోడ గడియారం మూడు కావస్తోందని చూపిస్తోంది.

దొంగలు పిల్లల పేరు చెప్పి ఏడవడం మార్లా చాలాసార్లు చూసింది. అందుకని నమ్మెయ్యలేదు. ఫోన్ అడిగి తీసుకుని చూసింది. ఒంటిగంట నలభై రెండు నుంచి యాభై మూడు దాకా ఒకటే కాల్. ఫోన్ చెవిన పెట్టుకుని కూడా దొంగతనం చెయ్యొచ్చు. ఆ సంగతీ ఆమెకి తెలుసు.

“టాడ్, ఎక్కడెక్కడ వెతికావు?”

“టేబుళ్ళు, పెట్టెలు, సంచులు, చెత్తడబ్బాలు, ట్రక్కులు. కొందరి బూట్లు కూడా విప్పించానండీ. ఎక్కడా లేదు.”

“బయటికి ఎవరైనా వెళ్ళిపోయారా?”

“ఒక్కరు కూడా పోలేదు.”

మార్లా హాలంతా మెల్లగా ఒక చుట్టు చుట్టింది. ఉదయం నుంచి కబుర్లతో హోరెత్తిన హాలు ఇప్పుడు మూగబోయింది. ఇంతకుముందు ఒకరి తుపాకి ఒకరు చేతిలోకి తీసుకుని మురిసిపోయినవాళ్ళు, ఇప్పుడు ఎవరి టేబుల్ వాళ్ళు కాచుకుని నిలబడ్డారు. పక్కవాడు చెయ్యి జేబులో పెట్టినా ఆ చేతి వైపే చూస్తున్నారు.

మూలగా ఒక టేబుల్ మాత్రం ఇంకా దుప్పటి కప్పే ఉంది. శుభ్రమైన తెల్ల దుప్పటి. దాని మీద బాగా వాడిన బూడిదరంగు టోపీ. అది ఎమ్మెట్ గ్రోవ్ టేబుల్. ఎమ్మెట్ ఏప్రిల్లో చనిపోయాడు. సభ్యుడు పోతే ఆ ఏడాది అతని టేబుల్ అతనికే ఉంచుతారు. పైన దుప్పటి, దాని మీద టోపీ. ఆ పక్క నుంచి వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించి వెళ్తారు.

మార్లా కూడా ఒక్క క్షణం నిలబడి ముందుకు నడిచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి ఇంకోసారి చూసింది.

క్లబ్బు అధ్యక్షుడు లైల్ డెక్కర్ కాఫీ బల్ల దగ్గర కనబడ్డాడు. డెబ్భై ఏళ్ళు. హైస్కూల్లో ఇనప పనీ చెక్క పనీ నేర్పిన మాస్టారు. ఊళ్ళో సగం మందికి సుత్తి పట్టడం నేర్పింది ఆయనే. చిల్లీ అనే మాంసం పులుసు గిన్నెలో దాల్చినచెక్క రొట్టె ముంచాడు కానీ నోట్లో పెట్టుకోలేదు.

“మాస్టారూ, వడగళ్ళు మొదలైనప్పుడు మీరేం చేశారు?”

“అందర్నీ కంగారుపడకుండా పొమ్మన్నాను. నేనూ రగ్గు తీసుకుని వెళ్ళాను.”

“వెంటనేనా?”

“వెంటనే. మొదటి రాళ్ళు పడుతుండగానే ట్రక్కు కప్పేశాను. కొత్త బండి మరి.”

“డ్వేన్ గురించి ఏమంటారు?”

“ఏమంటాను? క్లబ్బులోకి రానివ్వమని చెప్పింది నేనే. మనిషికి ఇంకో అవకాశం ఇవ్వాలనుకున్నాను.” ఆయన గిన్నె పక్కకి నెట్టాడు. “పొరపాటు పడ్డానేమో.”

“హార్లన్ గారూ మీరూ బాగా దగ్గరా?”

“నలభై ఏళ్ళ స్నేహం. వాడు లేకుండా నేను చేపలు పట్టడానిక్కూడా వెళ్ళను.”

మార్లా తలూపి బయటికి నడిచింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. గడ్డి మీద నిమ్మకాయలంత వడగళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. ట్రక్కులన్నీ తడిసిన రగ్గులు కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క ట్రక్కు దగ్గరా ఆగి, రగ్గు కింద చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయింది. టాడ్ గుమ్మంలోంచి వింతగా చూశాడు.

“వాటి లోపలంతా వెతికేశానండీ!”

“నేను లోపల వెతకడం లేదు.”

ఒక ట్రక్కు దగ్గర ఆమె చెయ్యి రగ్గు కిందే కాసేపు ఉండిపోయింది. తర్వాత ఫోన్‌తో ఫొటో తీసి లోపలికొచ్చింది.

వంటగది కిటికీ వెనక చిల్లీ వడ్డిస్తున్నావిడ నోరా గ్రోవ్. ఎమ్మెట్ భార్య. మార్లా ఆవిడ దగ్గరకెళ్ళి చెవిలో ఏదో అడిగింది. నోరా గరిట కింద పెట్టింది. మూల టేబుల్ వైపు చూసింది. ఆవిడ ముఖం ఎర్రబడింది.

మూడుంపావుకి మార్లా అందర్నీ ఎమ్మెట్ టేబుల్ చుట్టూ పిలిచింది. హార్లన్, లైల్ పక్కపక్కనే నిలబడ్డారు. టాడ్ డ్వేన్‌ని బేడీలతోనే తీసుకొచ్చాడు. డెన్వర్ నిపుణుడు అప్పుడే వచ్చి, ఏమీ అర్థంకాక, సంచి పట్టుకుని వెనక నిలబడ్డాడు.

“టాడ్, అన్ని టేబుళ్ళూ వెతికానన్నావు. ఇది వెతికావా?”

టాడ్ గతుక్కుమన్నాడు. “ఇది ఎమ్మెట్ గారిదండీ.”

“అవును. నిన్ను తప్పుపట్టడం లేదు. ఈ హాల్లో ఎవరూ ఈ దుప్పటి తియ్యరు. నేనైనా నోరా గారిని అడక్కుండా తియ్యను. దాచినవాడు మనందరి మర్యాదనీ అడ్డం పెట్టుకున్నాడు.”

ఆమె టోపీ వైపు చూపించింది.

“నోరా గారూ, పొద్దున్న ఈ టోపీ ఎలా పెట్టారు?”

“వెల్లకిలా పెట్టాను. నలభై ఆరేళ్ళు ఆయన అలాగే పెట్టాడు. మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా టోపీ బోర్లా పెట్టరు, అదృష్టం కారిపోద్దని.”

టోపీ బోర్లా ఉంది. అంచు దుప్పటికి ఆనుకుని ఉంది.

అక్కడున్న ప్రతివాడూ వాన తగ్గాక రెండు మూడుసార్లు ఆ పక్క నుంచే నడిచాడు. టోపీ పెట్టే పద్ధతి తెలియనివాడు వాళ్ళలో లేడు. కానీ పోయిన మనిషి టేబుల్ని ఎవరు పట్టిపట్టి చూస్తారు? తల వంచుకుని దాటిపోతారు.

“పద్ధతి తెలిసినవాడు కావాలని బోర్లా ఎందుకు పెడతాడు?” అంది మార్లా. “దుప్పటి కింద ఎత్తుగా ఏదో ఉంటే పెడతాడు. వెల్లకిలా పెడితే ఆ ఎత్తు మీద టోపీ ఒరిగిపోతుంది. బోర్లిస్తే ఎత్తంతా టోపీ లోపలికి పోతుంది. నోరా గారూ, ఇంక మీ ఇష్టం.”

నోరా టోపీని రెండు చేతులతో తీసి గుండెకి ఆనించుకుంది. దుప్పటి మధ్యలో ఉబ్బుంది. ఆవిడ అంచు పట్టుకుని పైకెత్తింది.

పొట్టి గొట్టం కోల్ట్ బయటపడింది.

హాల్లో కలకలం రేగింది. టాడ్ అటు అడుగేశాడు. మార్లా చేత్తో ఆపింది.

“ముందు డ్వేన్ బేడీలు తియ్యి.”

“కానీ మేడమ్, ఇతనైనా పెట్టి ఉండొచ్చుగా?”

“ఉండొచ్చు. అందుకే ట్రక్కులు చూశాను.” ఆమె ఫోన్ పైకెత్తి ఫొటో చూపించింది. “రాళ్ళు మొదలవగానే రగ్గు కప్పితే వడగళ్ళు రగ్గు పైన ఉంటాయి. ఒక్క ట్రక్కుకి మాత్రం రగ్గు కిందున్నాయి. బానెట్ నిండా కొత్త సొట్టలు. సొట్టల్లో సగం కరిగిన వడగళ్ళు. అంటే రాళ్ళన్నీ పడ్డాక, నలుగురితో పాటు నేనూ కప్పాననిపించుకోవడానికి రగ్గు వేశారు. ఈ ఊళ్ళో కొత్త బండిని వడగళ్ళకి వదిలేసి లోపలుండిపోయారంటే, బండి కన్నా పెద్ద పనే ఉండాలి. అవునా మాస్టారూ?”

లైల్ టేబుల్ అంచు పట్టుకున్నాడు.

“ఎందుకు?” అంది మార్లా.

“నిపుణుడు పిడి చెక్కలు విప్పుతాడు.” ఆయన మాట్లాడింది మార్లాతో కాదు, హార్లన్‌తో. “విప్పితే ఆకురాయి గీతలు కనిపిస్తాయి. అది కాపలావాడిదీ కాదు, ఎవడిదీ కాదు హార్లన్. మూడు విరిగిన తుపాకుల ముక్కలు కలిపి స్కూలు షెడ్డులో నేనే చేశాను. నంబర్లు కూడా నేనే కొట్టాను. నా పనితనం చూసుకుందామని చేశానంతే. నువ్వు దాన్ని చేతిలోకి తీసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయావు. నోరు పెగల్లేదు. తర్వాత ఏ ఏటికా ఏడు చెప్పడం ఇంకా కష్టమైపోయింది.”

“నాకు తెలుసురా,” అన్నాడు హార్లన్.

లైల్ తలెత్తాడు.

“కొన్న ఏడాదే నూనె రాద్దామని చెక్కలు విప్పాను. నీ ఆకురాయి గీతలు నాకు తెలియవా? మా గేటు మడతబందులు చేసింది నువ్వే కదరా. ఇవాళ నిపుణుడు అడిగితే, ముక్కలు మార్చింది నేనేనని చెబుదామనుకున్నాను.”

లైల్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. చుట్టూ ఉన్న ముసలివాళ్ళలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత గొప్ప స్నేహం అనుకుని ఉంటారు. మార్లాకి మాత్రం ఒళ్ళు మండింది.

“డాక్టర్ గారూ, అది నకిలీదని మీకు ముందే తెలుసు. నిపుణుడు రాబోతున్నాడని తెలుసు. అది మాయమైతే ఎవరికి లాభమో ఈ హాల్లో మీ ఒక్కరికే తెలుసు. లైల్ గారి మీద అనుమానం రాలేదా?”

“వచ్చింది.”

“మరి డ్వేన్ పేరు ఎందుకు చెప్పారు?”

“వాడి పేరు నా నోటికి రాలేదు.” ఆయన డ్వేన్ వైపు చూశాడు. “ఈ అబ్బాయి పేరు వచ్చింది.”

అప్పటిదాకా కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు ఇప్పుడు బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. టాడ్ వంగి డ్వేన్ బేడీలు తీశాడు. తాళంచెవి రెండుసార్లు జారింది.

హార్లన్ లైల్ వైపు తిరిగాడు. “తుపాకి సంగతి పోనీరా. అది ఎప్పుడో వదిలేశాను. కానీ ఆ అబ్బాయికి బేడీలు వేస్తుంటే చూస్తూ నిలబడ్డావు.”

“నువ్వూ నిలబడ్డావుగా హార్లన్,” అన్నాడు లైల్.

ఇద్దరూ అడుగు దూరంలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

మార్లా టాడ్‌ని పిలిచి, లైల్‌ని పక్క గదిలోకి తీసుకెళ్ళి వాంగ్మూలం రాసుకోమంది. పోలీసులతో అబద్ధం చెప్పడం ఆ జిల్లాలో మాస్టారికైనా నేరమే. డెన్వర్ నిపుణుడు రివాల్వర్ వైపు ఆశగా ఒక చూపు చూశాడు కానీ, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

డ్వేన్ తన టేబుల్ దగ్గరకెళ్ళాడు. స్క్రూలు, స్ప్రింగులు, పాత ట్రిగ్గర్లు చిన్న చిన్న డబ్బాల్లోకి సర్దుకుంటున్నాడు. చుట్టూ ఒక్కడూ సాయం పట్టలేదు. పట్టడానికి మొహం చెల్లలేదు.

హార్లన్ మెల్లగా అక్కడికి నడిచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“తప్పయిపోయింది బాబూ. నీకు ఏం కావాలో చెప్పు. జడ్జిగారితో నన్ను మాట్లాడమన్నా మాట్లాడతాను.”

డ్వేన్ డబ్బా మూత పెట్టి, చేతులు ముందుకు చాపాడు. రెండు మణికట్ల చుట్టూ బేడీ నొక్కుకున్న చోట ఎర్రగా చారలు తేలాయి.

“మా పాపకి ఏడేళ్ళు డాక్టర్ గారూ. కనబడిందల్లా అడుగుద్ది. ఇదేంటి నాన్నా అని అడుగుద్ది. ఏం చెప్పమంటారు?”

బయట వాళ్ళక్క కారు హారన్ మోగింది. డ్వేన్ చొక్కా చేతులు కిందికి దించుకుని, రెండు గుండీలూ పెట్టుకుని, పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.